ఇమ్యూనిటీ పెంచితే మతిమరుపు పోతుందా?

మా అక్కయ్య మంచం పక్కన ఒక చిన్న బల్ల ఉంది. మొన్న వెళ్ళినప్పుడు దాని మీద మూడు వస్తువులు చూశాను. ఒకటి, డాక్టరు రాసిన మాత్రలు. రెండోది, పక్కవీధి పిన్నిగారు తెచ్చి కట్టిన తాయెత్తు. తాడు ఒరుసుకుపోతోందని చేతి నుంచి తీసి అక్కడ పెట్టారు. మూడోది, పెద్ద ప్లాస్టిక్ డబ్బా నిండా ఏదో పొడి. మెదడులో ఇమ్యూనిటీని పెంచి మతిమరుపును పోగొడుతుందని దాని మీద రాసి ఉంది. ఖరీదు చూస్తే మాత్రల కంటే ఎక్కువ.

అక్కయ్యకు 76 ఏళ్ళు. ఆమెది అల్జైమర్స్ వ్యాధి అని తేలి మూడేళ్ళయింది. పోయిన ఆషాఢంలో ఆమె పరిస్థితి ఉన్నట్టుండి విషమించింది. అప్పటిదాకా కొందరిని గుర్తుపట్టకపోయినా నెమ్మదిగానే ఉండేది. రెండు రోజుల్లో మనిషి మారిపోయింది. రాత్రిళ్ళు నిద్ర లేదు. గోడ దగ్గర ఎవరో నిలబడ్డారని కేకలు. అన్నం పెట్టబోతే విషం అంటూ తోసేసేది. అమావాస్య దగ్గరపడింది కనక గాలి సోకిందన్నారు. బుధవారం తాయెత్తు కట్టారు. అదే రోజు మా మేనల్లుడు తెప్పించిన పొడి కూడా వచ్చింది. గురువారం డాక్టరు మూత్రపరీక్ష చేయించి, ఇన్ఫెక్షన్ ఉందని చెప్పి యాంటిబయాటిక్ మొదలుపెట్టాడు. సోమవారానికి కేకలు ఆగిపోయాయి.

ఇంకేముంది? పిన్నిగారి లెక్కలో తాయెత్తు పనిచేసింది. మేనల్లుడి లెక్కలో పొడి పనిచేసింది. యాంటిబయాటిక్ పేరు ఎవరూ ఎత్తలేదు.

"తాయెత్తు సంగతి వదిలెయ్ మావయ్యా, పెద్దావిడ మాట కాదనలేక ఊరుకున్నాం. ఈ పొడి అలాంటిది కాదు, ఇది సైన్స్" అన్నాడు మావాడు.

"ఏం సైన్సురా?"

"మెదడులో కూడా ఇమ్యూన్ సెల్స్ ఉంటాయట. అల్జైమర్స్‌లో వాటిదే పెద్ద పాత్ర అని ఇప్పుడు పెద్ద పెద్ద సైంటిస్టులే అంటున్నారు. అవి బలంగా ఉంటే మంచిదేగా?"

తాయెత్తు గురించి మనం చాలాసార్లు చెప్పుకున్నాం. ఈసారి నన్ను ఆలోచనలో పడేసింది పొడి. ఎందుకంటే మావాడు చెప్పినదాంట్లో మొదటి రెండు వాక్యాలూ నిజమే. మూడోది మాత్రమే తప్పు. ఇంజనీరింగ్ చదివిన కుర్రాణ్ణి తాయెత్తు మోసగించలేదు. రెండు నిజాల వెనక దాక్కుని వచ్చిన ఒక అబద్ధం సులభంగా మోసగించింది. అందుకే ఈ వ్యాసం.

ఆ కణాలు ఏమిటి?

వాటిని మైక్రోగ్లియా అంటారు. 1919లో స్పెయిన్ దేశపు శాస్త్రవేత్త పియో దెల్ రియో ఓర్తేగా వెండి లవణాలతో మెదడు కణాలకు రంగు పట్టించే పద్ధతిని వాడి వీటిని విడిగా గుర్తించాడు. ఇవి నాడీకణాలు కావు, ఆలోచించవు. మన రక్తంలో క్రిములను మింగే తెల్లకణాలకు ఇవి దూరపు చుట్టాలు. పిండం తొలి దశలో, ఎముక మజ్జ ఇంకా ఏర్పడకముందే, సొనసంచి నుంచి బయలుదేరి మెదడులోకి వచ్చి స్థిరపడిపోతాయని 2010లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో తేలింది. అంటే ఇవి మెదడులో పుట్టినవి కావు గాని, పుట్టుకకు ముందునుంచే అక్కడ కాపురం ఉంటున్నవి.

చాలాకాలం ఇవి ఏదో ప్రమాదం వచ్చేదాకా నిద్రపోతుంటాయని అనుకున్నారు. 2005లో బతికున్న ఎలుక మెదడులో వీటిని సూక్ష్మదర్శినితో నేరుగా చూశారు. నిద్ర కాదు కదా, క్షణం తీరిక లేదు. సన్నని చేతుల్లాంటి కొమ్మల్ని చాపుతూ, ముడుచుకుంటూ, చుట్టుపక్కల ప్రతి మూలా తడుముతూనే ఉన్నాయి. చచ్చిన కణాలను ఎత్తివేయడం, చెత్త ఊడ్చడం, గాయం దగ్గరికి పరుగెత్తడం వీటి పని. ఇంకో పని కూడా ఉంది. ఒక నాడీకణం మరో నాడీకణానికి సమాచారం అందించే చోటును సినాప్స్ అంటారు. బాల్యంలో మెదడు అవసరానికి మించి సినాప్స్‌లను తయారుచేస్తుంది. తోటమాలి కొమ్మలు కత్తిరించినట్టు, వాడకంలో లేనివాటిని తీసివేయడంలో మైక్రోగ్లియాకు భాగం ఉంది.

ఈ చివరి విషయం గుర్తుపెట్టుకోండి. అసలు కథ అక్కడే ఉంది.

మేలు చేసే వైపు

1906లో జర్మనీలో అలోయిస్ అల్జైమర్ అనే వైద్యుడు ఒక రోగి గురించి సభలో వివరించాడు. ఆమె పేరు ఆగస్టె డేటర్. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో చేరేటప్పటికి ఆమె వయసు 51. ఆమె చనిపోయాక మెదడును పరీక్షిస్తే నాడీకణాల బయట గట్టిపడ్డ మచ్చలు, కణాల లోపల చిక్కుపడ్డ దారాలు కనిపించాయి. మచ్చల్లో ఉండేది ఎమిలాయిడ్ అనే ప్రోటీన్ అనీ, దారాల్లో ఉండేది టౌ అనే ప్రోటీన్ అనీ 1980లలో తెలిసింది. గ్లియా కణాల్లో కూడా మార్పులున్నాయని అల్జైమర్ తానే రాశాడు. కాని తరువాత వచ్చినవారి చూపంతా మచ్చల మీదే నిలిచింది. మచ్చల చుట్టూ మూగి ఉన్న మైక్రోగ్లియాను, ఇల్లు తగలబడ్డాక వచ్చిన జనంలాగా చూశారు.

2013లో ఈ అభిప్రాయం కదిలింది. ట్రెమ్2 అనే జన్యువులో ఒక అరుదైన మార్పు ఉన్నవారికి అల్జైమర్స్ వచ్చే అవకాశం సుమారు మూడు రెట్లు ఎక్కువని ఒకే సమయంలో రెండు పరిశోధక బృందాలు ప్రకటించాయి. మెదడులో ఈ జన్యువు పనిచేసేది ప్రధానంగా మైక్రోగ్లియాలోనే. చుట్టూ పోగైన చెత్తను పసిగట్టే గ్రాహకాన్ని అది తయారుచేస్తుంది. ఆ తరువాత బయటపడ్డ అల్జైమర్స్ జన్యువుల్లో చాలా భాగం మైక్రోగ్లియాలో చురుగ్గా ఉండేవే.

దీని విలువ ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. మచ్చ పక్కన ఒక కణం కనిపిస్తే అది కారణమో, పర్యవసానమో చెప్పలేం. కాని జన్యువు పుట్టుకతో వచ్చేది. జబ్బు వచ్చి జన్యువును మార్చలేదు. కనక మైక్రోగ్లియా పనితీరు జబ్బుకు దారితీసే కారణాల్లో ఒకటి అని గట్టిగా చెప్పవచ్చు. ట్రెమ్2 సరిగ్గా పనిచేయని ఎలుకల్లో మైక్రోగ్లియా మచ్చను చుట్టుముట్టి అదుపు చేయలేకపోతుంది. ఇక్కడిదాకా మా మేనల్లుడి వాదన సరైనదే. కాపలా బలహీనపడితే నష్టం.

కీడు చేసే వైపు

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. 2016లో అమెరికాలో బెత్ స్టీవెన్స్ బృందం ఎలుకల మీద చేసిన పరిశోధనను ప్రచురించింది. మచ్చలు ఇంకా ఏర్పడకముందే, జబ్బు తొలి దశలోనే మైక్రోగ్లియా సినాప్స్‌లను మింగడం మొదలుపెడుతుందని అందులో తేలింది. బాల్యంలో కొమ్మలు కత్తిరించిన ఆ పాత పద్ధతే ముసలితనంలో వేళకాని వేళ మళ్ళీ మొదలైంది. పూత మీదున్న కొమ్మలనూ నరికేసింది. ఆ ప్రక్రియను అడ్డుకున్నప్పుడు ఎలుకల్లో సినాప్స్‌లు మిగిలాయి. అల్జైమర్స్ రోగుల్లో జ్ఞాపకశక్తి క్షీణించడం అన్నది మచ్చల సంఖ్యతో కంటే సినాప్స్‌ల నష్టంతోనే దగ్గరగా సరిపోలుతుందని అంతకుముందే తెలుసు.

కనక అదే కణం ఒక దశలో కాపలాదారు, మరో దశలో విధ్వంసకారి. దాన్ని మంచిదనీ చెప్పలేం, చెడ్డదనీ చెప్పలేం. ఎప్పుడు, ఎక్కడ, ఏ స్థితిలో అన్న ప్రశ్నలు వేయకుండా దాని గురించి మాట్లాడటమే అర్థరహితం.

ఇప్పుడు మా అక్కయ్య సంగతి చూడండి. వృద్ధుల్లో, అందులోనూ మెదడు ముందే దెబ్బతిన్నవారిలో, మూత్రంలోనో ఊపిరితిత్తుల్లోనో ఇన్ఫెక్షన్ వస్తే మనిషి ఒకటి రెండు రోజుల్లో అయోమయంలో పడిపోవచ్చు. లేనివి కనిపిస్తాయి, భయం, కోపం వస్తాయి. డాక్టర్లు దీన్ని డెలీరియం అంటారు. జ్వరం లేకుండా కూడా ఇది రావచ్చు. ఎలుకల్లో చేసిన ప్రయోగాలు దీనికి ఒక కారణాన్ని చూపాయి. జబ్బుపడ్డ మెదడులోని మైక్రోగ్లియా ముందే ఉద్రేకపడి ఉంటుంది. శరీరంలో వేరే చోట ఇన్ఫెక్షన్ వచ్చిందన్న కబురు అందగానే హద్దు మీరి స్పందిస్తుంది.

కనక ఆ అమావాస్య వారంలో మా అక్కయ్య మెదడులో ఇమ్యూనిటీ తక్కువై ఇబ్బంది రాలేదు. ఎక్కువైన స్పందనే ఇబ్బంది అయ్యుండటానికి అవకాశం ఎక్కువ. పొడి డబ్బా మీద రాసింది నిజమై, అది నిజంగానే మైక్రోగ్లియాను రెచ్చగొట్టగలిగితే, ఆమెకు కీడే జరిగేది. ఆ పొడి ఏ పనీ చేయకపోవడమే మనం కోరుకోవలసిన అదృష్టం! ఈ మాట అన్నప్పుడు మావాడు చాలాసేపు మాట్లాడలేదు.

పెంచి చూశారు, తగ్గించి చూశారు

"సరే మావయ్యా, మరి తగ్గించే మందు వాడొచ్చుగా?" అన్నాడు చివరికి. మంచి ప్రశ్న. శాస్త్రజ్ఞులు కూడా ఇదే అడిగారు. కీళ్ళ వాతానికి వాపు తగ్గించే మాత్రలు ఏళ్ళ తరబడి వాడినవారిలో అల్జైమర్స్ తక్కువగా ఉన్నట్టు 1990లలో గమనించారు. చూడటానికి బలమైన ఆధారమే. కాని మాత్రలు వాడినవారికీ వాడనివారికీ మధ్య వేరే తేడాలు ఎన్నో ఉండవచ్చు. అందుకని 2001లో అమెరికాలో పరీక్ష మొదలుపెట్టారు. కుటుంబంలో ఈ జబ్బు ఉన్న 70 ఏళ్ళు దాటిన 2,500 మందికి పైగా వృద్ధులను తీసుకుని, చీటీలు వేసినట్టు మూడు గుంపులు చేశారు. రెండు గుంపులకు రెండు రకాల వాపు మాత్రలు, మూడో గుంపుకు అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర. గుండెకు ప్రమాదం ఉండవచ్చన్న అనుమానంతో 2004 డిసెంబరులో మందులు ఆపేశారు. అప్పటిదాకా వచ్చిన ఫలితాలు చూస్తే రక్షణ ఏమీ కనిపించలేదు.

పోనీ, పెంచితే? ట్రెమ్2ను ప్రేరేపించి మైక్రోగ్లియాను చురుకుచేసే ఒక యాంటీబాడీని తయారుచేసి, జబ్బు తొలి దశలో ఉన్న రోగులకు ఇచ్చి చూశారు. 2024 నవంబరులో ఫలితం వచ్చింది. జబ్బు వేగం తగ్గలేదు. లక్ష్యం ఏమిటో అణువు స్థాయిలో తెలిసి, కోట్ల డాలర్లు పోసి, నిపుణులు చేసిన ప్రయత్నమే ఇంతవరకు ఫలించలేదు. రెండు చెంచాల పొడి పాలల్లో కలిపి తాగితే ఫలిస్తుందట!

జ్ఞాపకశక్తికి మంచిదని ప్రపంచమంతా అమ్మిన జింకో ఆకుల సారాన్ని కూడా 75 ఏళ్ళు దాటిన 3,069 మంది మీద ఏళ్ళ తరబడి పరీక్షించారు. 2008లో ఫలితాలు ప్రచురించారు. ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా లేదు. అయినా అమ్మకాలు ఆగలేదు.

ఉత్తుత్తి మాత్రతో పోల్చడం ఎందుకు అంటే, మా ఇంట్లో జరిగిందే సమాధానం. ఒకే వారంలో తాయెత్తు, పొడి, యాంటిబయాటిక్ మూడూ మొదలయ్యాయి. అయిదో రోజుకి నయమైంది. కళ్ళతో చూసినంత మాత్రాన ఏది పనిచేసిందో తెలియదు. నేను యాంటిబయాటిక్ అంటున్నానంటే, మా అక్కయ్య ఒక్కర్తె లేచి కూర్చుందని కాదు. మూత్రపరీక్షలో క్రిములు కనిపించాయి, ఆ మందు ఆ క్రిములను చంపుతుందని వేలమంది మీద ముందే రుజువైంది కనక. మిగతా రెండింటికీ వెనక అలాంటిది ఏమీ లేదు.

శాస్త్రజ్ఞులకూ నమ్మకాలుంటాయి

ఇక్కడ ఆగిపోతే నేను సగమే చెప్పినవాణ్ణవుతాను. ఎదుటివారి నమ్మకాలను ప్రశ్నించడం తేలిక. ఎమిలాయిడ్ మచ్చలే ఈ జబ్బుకు మూలం అన్న సిద్ధాంతం 1990ల మొదట్లో రూపుదిద్దుకుంది. దానికి మంచి ఆధారాలే ఉన్నాయి. కాని కాలక్రమాన అది చాలామందికి ప్రశ్నించరాని విషయం అయిపోయింది. మచ్చలను తొలగించే మందులు ఒకదాని తరువాత ఒకటి విఫలమవుతున్నా, వేరే దారుల్లో వెతికేవారికి తగినంత ఆదరణ దొరకలేదు. 2006లో నేచర్ పత్రికలో అచ్చయి, ఆ సిద్ధాంతానికి ఊతమిచ్చిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో చిత్రాలను మార్చినట్టు 2022లో ఆరోపణలు వచ్చాయి. 2024లో దాన్ని ఉపసంహరించుకున్నారు. పద్దెనిమిదేళ్ళు పట్టింది.

దీన్ని చూపించి "సైన్స్ కూడా ఒక మతమే" అనేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను. తప్పును పట్టుకున్నది ఏ స్వామీజీ కాదు, మరో శాస్త్రవేత్తే. అలాగని ఎమిలాయిడ్ సిద్ధాంతం అబద్ధమైపోలేదు కూడా. లెకానిమాబ్ అనే మందు 1,795 మంది మీద జరిపిన పరీక్షలో 18 నెలల కాలంలో జబ్బు ముదిరే వేగాన్ని 27 శాతం తగ్గించింది. 27 అనగానే పొంగిపోకండి. 18 మార్కుల కొలబద్ద మీద ఆ తేడా అర మార్కు కంటే తక్కువ. మందు తీసుకున్న ప్రతి 100 మందిలో సుమారు 13 మందికి స్కానింగులో మెదడు వాపు కనిపించింది. అయినా తేడా నిజమైనదే. ఇంతకీ ఆ యాంటీబాడీ మచ్చకు అతుక్కుని ఎవర్ని పిలుస్తుందో తెలుసా? మైక్రోగ్లియానే! అది వచ్చి మచ్చను మింగుతుంది. ఎమిలాయిడ్ దారీ మైక్రోగ్లియా దారీ ఒకచోట కలిశాయన్నమాట.

రేపు మైక్రోగ్లియా కూడా మరో కొత్త వేదం కాకుండా చూసుకోవాలి. అలా కాకుండా కాపాడేది అనుమానించే అలవాటు ఒక్కటే.

నా తప్పు

ఇంకొకటి ఒప్పుకోవాలి. జబ్బు తేలకముందు రెండేళ్ళ పాటు అక్కయ్యలో వచ్చిన మార్పును నేను చాదస్తం అన్నాను. ఒకసారి బంగారు గాజు పోయిందని పనిమనిషి మీద నేరం మోపింది. గాజు బియ్యం డబ్బాలో దొరికింది. నేను ఊరుకోకుండా, సాక్ష్యం లేకుండా ఒక పేదరాలిని దొంగ అనడం ఎంత అన్యాయమో అరగంట ఉపన్యాసం ఇచ్చాను. "నిజమేరా, నేనే పెట్టుంటాను" అని ఏడ్చింది. తరువాతి వారం మళ్ళీ అదే గొడవ. నాకు కోపం వచ్చింది. నేను ఆమెను రోగిగా కాక, వాదనలో ఎదుటి పక్షంగా చూశాను. ఏ సినాప్స్‌ల మీద ఆధారపడి నా తర్కం ఆమెకు అందాలో, అవే కరిగిపోతున్నాయన్న అనుమానం నాకు రాలేదు. గాలి సోకిందన్న పిన్నిగారికీ, చాదస్తం అన్న నాకూ పెద్ద తేడా లేదు. ఇద్దరం పరీక్షించకుండానే పేరు పెట్టేశాం.

ఇప్పుడు ఆమె అప్పుడప్పుడు "అమ్మ ఎప్పుడొస్తుంది?" అని అడుగుతుంది. మొదట్లో, అమ్మ పోయి ముప్ఫై ఏళ్ళయిందని చెప్పేవాణ్ణి. విన్న ప్రతిసారీ అది ఆమెకు కొత్త చావే. ఇప్పుడు "అమ్మ చేసే గోంగూర గుర్తుందా అక్కయ్యా?" అంటాను. ఆమె ముఖం విప్పారుతుంది. హేతువాదికి ఇది తగునా అని మిత్రులు కొందరు అడగవచ్చు. నేను అబద్ధం చెప్పడం లేదు. ఆమె మోయలేని నిజాన్ని రోజూ నెత్తిన పెట్టడం మానేశాను, అంతే.

ఏం చెయ్యాలి?

మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో ప్రచురించిన జాతీయస్థాయి అధ్యయనం అంచనా. పట్టణాల్లో కంటే పల్లెల్లో ఎక్కువ, మగవారిలో కంటే ఆడవారిలో ఎక్కువ. చదువు అందనివారికి జబ్బు కూడా ముందు వస్తోందన్నమాట. 2024లో లాన్సెట్ కమిషన్ 14 కారణాలను పేర్కొంది. బాల్యంలో చదువు లేకపోవడం, చెముడు, బీపీ, షుగరు, పొగతాగడం, ఒంటరితనం, గాలి కాలుష్యం వంటివి అందులో ఉన్నాయి. అన్నింటినీ నివారించగలిగితే 45 శాతం దాకా కేసులను తప్పించడమో వాయిదా వేయడమో సాధ్యమట. ఆ జాబితాలో ఏ పొడీ లేదు. వినికిడి యంత్రం ఉంది, బీపీ మాత్ర ఉంది, బడి ఉంది.

ఇక రోగి ఉన్న ఇంటివారికి నా మనవి. మనిషి ఉన్నట్టుండి మారిపోతే ముందు డాక్టరుకు చూపించండి, మూత్రపరీక్ష చేయించండి. తాయెత్తు తరువాతైనా కట్టుకోవచ్చు, ఇన్ఫెక్షన్ ఆగదు. మెదడు జబ్బులను నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి మందులు, అద్భుత చికిత్సల చట్టం కింద నేరం. అలాంటి ప్రకటన కనిపిస్తే ఫోటో తీసి డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నేను రాశాను.

వచ్చేముందు బల్ల మీద చూస్తే పొడి డబ్బా కనిపించలేదు. మావాడే తీసేశాడు. ఆ డబ్బుతో రాత్రిపూట కాసేపు తోడుండే మనిషిని పెట్టుకుంటే వాళ్ళావిడకి నిద్రైనా దక్కుతుందన్నాడు. ఏడాదిగా ఆ అమ్మాయి రాత్రి పూర్తిగా నిద్రపోయిన రోజు లేదు. తాయెత్తు మాత్రం ఇంకా అక్కడే ఉంది. పిన్నిగారితో మాట్లాడటానికి ఈసారి తీరిక చేసుకుని వెళ్తాను. ఉపన్యాసం ఇవ్వడానికి కాదు. ఆవిడకీ డెబ్బయి దాటాయి, బీపీ ఎంతుందో కనుక్కోవాలి.